పాత ఖరీదైన కార్ల బ్రేకుల కీచుధ్వని: మీ అనుభవాలు చెప్పండి

పాతచక్రం:
నా రోల్స్-రాయిస్ ఫాంటమ్ వన్ ఆగబోయే క్షణంలో వెనక చక్రాల దగ్గర చెవులు చిల్లులు పడేలా కీచుమంటోంది. ముందు చక్రాల నుంచి మూలిగినట్టు వేరే శబ్దం వస్తోంది. లైనింగులు (డ్రమ్ముకు ఒరుసుకుని బండిని ఆపే పొరలు) కొత్తవి, డ్రమ్ములు (చక్రంతోపాటు తిరిగే గిన్నెలు) శుభ్రంగానే ఉన్నాయి. తప్పు ఎక్కడ వెతకాలి? నేసిన లైనింగు మేలా, అచ్చులో ఒత్తి చేసిన లైనింగు మేలా?

గ్రీజుచేయి:
శుభ్రంగానే ఉన్నాయని అందరూ అంటారు. డ్రమ్ము విప్పి, లైనింగు మీద వేలు రుద్ది చూడండి. హబ్బు నుంచో వెనక యాక్సిల్ నుంచో కారిన నూనె ఒకసారి ఇంకిందంటే, పైపైన ఎంత తుడిచినా బ్రేకు వేడెక్కగానే మళ్లీ పైకి తేలుతుంది. కారుతున్న చోటును ముందు బాగుచేసి, ఆ తర్వాత లైనింగు మార్చాలి.

లేతుమేస్త్రి:
ఆ కాలపు డ్రమ్ములను లేతు మీద తిప్పడమే నా వృత్తి కనుక కొంచెం అధికారంతోనే చెబుతున్నాను. లైనింగు ఒక క్షణం పట్టుకుని మరుక్షణం జారుతూ ఉంటే, ఆ వణుకుకు డ్రమ్ము గంటలా మోగుతుంది. కొత్త లైనింగు వంపు డ్రమ్ము వంపుతో కలవకపోతే కొసలే ముందుగా తగులుతాయి. లైనింగుకు సుద్ద రాసి, డ్రమ్ము ఎక్కించి, బ్రేకు కొద్దిగా తగిలేలా పెట్టి చేత్తో తిప్పి విప్పండి; సుద్ద కొసల దగ్గర మాత్రమే చెరిగి ఉంటే వాటిని ఏటవాలుగా చెక్కితే సరిపోతుంది.

గ్రీజుచేయి:
చెక్కడమంటే అరుపును కప్పిపుచ్చడమే. నూనె పట్టిన లైనింగును ఎంత చెక్కినా నూనె నూనెగానే ఉంటుంది.

లేతుమేస్త్రి:
నూనె లేని బండి కూడా అరుస్తుందండీ! నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావరకు ఎండిన లైనింగులే. లేతు ముఖం చూడనివారు వంపు గురించి తీర్పులు చెప్పకపోతే మంచిది.

సర్వోప్రియ:
మేస్త్రిగారూ, కోపం తగ్గించండి. హిస్పానో-సుయిజా కంపెనీ 1919లో హెచ్6 కారుకు పెట్టిన సర్వో (కాలి బలానికి తోడై బ్రేకు వేసే యంత్రం) పద్ధతికే లైసెన్సు తీసుకుని రోల్స్-రాయిస్ తన బండ్లకు నాలుగు చక్రాల బ్రేకులు అమర్చింది. ఆ సర్వోను తిప్పేది గేర్‌బాక్సే కాబట్టి, బండి దాదాపు ఆగిపోయినప్పుడు దాని సాయం కూడా దాదాపు ఉండదు. పాతచక్రంగారి బండి అరుస్తున్నది సరిగ్గా అప్పుడే కనుక బ్రేకులకు బలం చేర్చే రాడ్ల సర్దుబాటునూ చూడాలి.

గ్రీజుచేయి:
సర్వో చరిత్ర అడిగినవారు ఎవరు?

తీగచుట్టు:
డ్రమ్ము మోగకుండా చేయడమే అసలు మందు. కొందరు దాని చుట్టూ స్ప్రింగు బిగించి వణుకును అణుస్తారు. 1965లో వచ్చిన రోల్స్-రాయిస్ సిల్వర్ షాడోలో బ్రేకు డిస్కు అంచుకు తీగ చుట్టింది కూడా ఇందుకే. పాత లైనింగు ధూళిని మాత్రం గాలితో ఊదకండి, అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవండి.

పాతచక్రం:
సుద్ద పరీక్ష చేశాను. వెనక కుడి చక్రంలో కొసల దగ్గర మాత్రమే చెరిగింది, నూనె జాడ లేదు. ముందు చక్రాల మూలుగు సంగతి ఎవరూ ఎత్తనే లేదు.

లేతుమేస్త్రి:
చూశారా, గ్రీజుచేయిగారూ? మూలుగుకైతే షూ (లైనింగును మోసే వంపు ముక్క) తిరిగే పిన్నులను, డ్రమ్ము వెనక ఉండే పలక బోల్టులను చేత్తో కదిపి చూడండి. అక్కడ వదులుంటే లైనింగు ఏదైనా ఒకటే.