చెరువు మట్టి తోలిన చెలకల్లో నేల బాగుపడిందని ఎలా తేల్చాలి?

ప్రశ్న:
నేను హైదరాబాద్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. వికారాబాద్ జిల్లాలోని కొన్ని గ్రామాల్లో చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని ఎర్ర చెలకల్లో తోలించే పనిని మూడేళ్లుగా చూస్తున్నాము. ఎన్ని ట్రాక్టర్ల మట్టి తోలామో, ఎన్ని ఎకరాలకు చేరిందో నివేదికల్లో రాస్తున్నామే గాని, నేల బాగుపడిందా అని రైతులే అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం పెరిగింది. దానినే రుజువుగా చూపవచ్చా?

సమాధానం 1:
అది ఒక్కటే చాలదండీ. వాన బాగా కురిసినా, కొత్త బోరు పడినా, పంట మారినా పచ్చదనం పెరుగుతుంది. నేల క్షీణతను కొలిచే ఐక్యరాజ్యసమితి 15.3.1 సూచిక కూడా భూ ఆచ్ఛాదన (నేల మీద అడవి, పంట వంటిది ఏముందనేది), నేల ఉత్పాదకత, సేంద్రియ కర్బనం అనే మూడింటినీ చూస్తుంది. వాటిలో ఏ ఒక్కటి దిగజారినా నేల క్షీణించినట్లే లెక్కిస్తుంది. మట్టి తోలిన చెలక పక్కనే, అదే వాలులో, అదే పంట వేసిన, మట్టి తోలని చెలకను ఎంచుకుని రెండింటినీ పోల్చండి. అయితే ట్రాక్టరు దారి ఉన్న చేనుకే మట్టి చేరుతుంది, అలాంటి చేను మొదటి నుంచీ మెరుగైనదై ఉండవచ్చు. కనుక మట్టి తోలకముందు దిగుబడి ఎంత వచ్చేదో ఇద్దరు రైతులనూ తప్పక అడగండి.

సమాధానం 2:
నేల పరీక్ష చేసి ప్రభుత్వం రైతులకిచ్చే భూసార కార్డుల మీద ఆధారపడవద్దని నా మనవి. 2015లో మొదలైన ఆ పథకంలో వర్షాధార భూములకు 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు కాబట్టి, అందులో ఒక రైతు చెలకలో వచ్చిన మార్పు కనిపించదు. పైగా ఒండ్రు మట్టి ముందుగా మార్చేది నేలలో బంకమన్ను శాతాన్ని, తేమ నిలిపే శక్తిని. కార్డులోని 12 అంశాల్లో ఈ రెండూ లేవు. యాసంగి కోత అయ్యాక, తొలకరికి ముందు, ప్రతి చెలకలో పది పదిహేను చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి కలిపి, ఏటా ఒకే ప్రయోగశాలకు పంపి, బంకమన్ను శాతం కూడా చూడమని అడగండి. పరిశ్రమల మురుగు చేరే చెరువైతే, మట్టి తోలకముందే భార లోహాల పరీక్ష చేయించాలి; ఒకసారి చేనులో కలిసిన విషాన్ని తిరిగి ఏరివేయలేము.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మట్టి తోలకముందు నమూనాలు తీయకపోవడం మా పొరపాటే. ఈ వేసవిలో కొత్తగా మట్టి తోలబోయే చెలకల నుంచి, వాటి పక్క చెలకల నుంచి ముందే నమూనాలు తీయిస్తాము. పరీక్ష ఫలితాలను ఆ రైతుల చేతికే మొదట ఇస్తాము.