అరచేతిలో కన్ను: ఖమ్సా తాయెత్తుల్లోకి ఇది ఎప్పుడు వచ్చింది?

చేతిలో కన్ను ఉండే గుర్తుల మీద ఒక చార్ట్ తయారు చేస్తున్నాను. ఒక్క చోట, దిష్టి తగలకుండా పెట్టుకునే ఖమ్సా అనే చెయ్యి ఆకారపు తాయెత్తు దగ్గర, గట్టిగా ఆగిపోయాను.

టిబెట్ బౌద్ధుల దేవత తెల్ల తార దగ్గర ఇబ్బంది లేదు. ముఖంలో 3, అరచేతుల్లో 2, అరికాళ్ళలో 2, మొత్తం 7 కళ్ళు. అవి కరుణతో చూసే కళ్ళు. అమెరికాలోని అలబామాలో మౌండ్‌విల్ దగ్గర దొరికిన రాతి పళ్ళెం మీద రెండు కొమ్ముల పాముల మధ్య చెయ్యి, అందులో కన్ను ఉంటాయి. దాన్ని చాలామంది పరిశోధకులు చనిపోయినవారి ఆత్మలు పోయే దారికి ద్వారంగా చదువుతారు. అంటే దిష్టికి సంబంధం లేదు. ఎంత అందమైన ఊహో!

చిక్కంతా ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఖమ్సాతోనే. ముస్లింలు ఫాతిమా చెయ్యి అనీ, యూదులు మిరియం చెయ్యి అనీ పిలుచుకునే తాయెత్తు ఇదే. మ్యూజియంల ఆన్‌లైన్ కేటలాగుల్లో ఈ పేర్లన్నిటితో వెతికాను. నాకు దొరికిన పాత మొరాకో వెండి ఖమ్సాల్లో ఎక్కువవాటికి అరచేతిలో పువ్వో, నక్షత్రమో, రాతో, ఉత్త చెక్కుడు పనో ఉంది. నీలి గాజు కన్ను మాత్రం ఈమధ్య కాలపు వాటిలోనే కనిపించింది. ఫోటో ద్వారా వెతికితే అన్నీ కొత్త నగల అమ్మకాల పేజీలే వస్తున్నాయి. చెయ్యి, నీలి కన్ను అనే రెండు వేర్వేరు రక్షలు తర్వాత కలిసిపోయాయని నా అనుమానం, కానీ ఆధారం లేకుండా రాయలేను.

1900కు ముందుదని తేదీ రూఢి అయిన, అరచేతిలో స్పష్టంగా కన్ను ఉన్న ఖమ్సా ఏ మ్యూజియం సేకరణలో ఉందో ఎవరైనా చెప్పగలరా?