అప్‌డేట్: నాన్న పద్మిని కారు మెరుస్తోంది, ఒక్క మచ్చ తప్ప

హన్మకొండలో బోరు నీళ్లతో కడిగీ కడిగీ మా ఎర్ర ప్రీమియర్ పద్మిని మీద తెల్ల మచ్చలు పడ్డాయి, ఇంట్లోనే పోగొట్టొచ్చా అని అడిగాను కదా. చాలావరకు పోయాయన్నా!

వైట్ వెనిగర్‌లో అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడిగాను. నీళ్లలోని సున్నపు ఉప్పులే ఆ మచ్చలు, పులుపుకి కరిగిపోయాయి. తర్వాత షాంపూ నీళ్లు చల్లుకుంటూ క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి మట్టి ముద్ద) రుద్దితే గరుకు పోయింది.

పాలిష్ పెట్టగానే గుడ్డకి ఎర్రరంగు అంటింది. అమ్మ గుండె జారిపోయింది! మీలో ఒకరు ముందే చెప్పారు: పాత పెయింట్ మీద క్లియర్ కోట్ (రంగును కాపాడే పారదర్శక పూత) ఉండదు, ఎండకు మాడిన పైపొరే రంగుగా ఊడుతుంది. అందుకే కాంపౌండ్ (బాగా అరగదీసే గరుకు పాలిష్) జోలికి పోలేదు, సన్నరకం పాలిష్‌తోనే సరిపెట్టాను. అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుందని అక్కడ టేపు అంటించాను. అంతా పొద్దున్నే, నీడలోనే. మన ఎండల్లో బానెట్ కాలితే పాలిష్ అక్కడే ఎండి పట్టేస్తుంది.

కిరోసిన్‌తో తుడవమన్న పక్కింటి బాబాయికి దండం పెట్టేశాను.

డిక్కీ మీది పిట్టరెట్ట మచ్చ మాత్రం పెయింట్‌లోకి దిగిపోయింది. ఇంకా రుద్దితే రంగు కింది ప్రైమర్ పూత తేలుతుంది, వదిలేశా. ఇక వ్యాక్స్ పట్టించాలి.