టొలెడోకి ఒక్కరోజు ట్రిప్: ఏ గైడెడ్ టూర్ తీసుకోవాలి?

ప్రశ్న (ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి)

అందరికీ నమస్కారం. అమ్మానాన్న గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చారు. అక్టోబరు మొదటి వారంలో ఐదుగురం కలిసి నాలుగు రోజులు స్పెయిన్‌లో మాడ్రిడ్ వెళ్తున్నాం, అందులో ఒక రోజు దగ్గర్లోని పాత ఊరు టొలెడోకి అనుకున్నాం. నాన్నగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, చరిత్ర అంటే ప్రాణం. అమ్మకి మోకాళ్ల నొప్పులు. బాబుకి ఎనిమిదేళ్లు.

టూర్లు వెతుకుతుంటే తల తిరుగుతోంది. మాడ్రిడ్ నుంచి బస్సులో సగం రోజు టూర్ ఒకటి, టొలెడో, సెగోవియా రెండూ ఒకే రోజులో చూపించేది ఒకటి, ఫ్రీ టూర్ అని ఇంకొకటి. రైల్లో మనమే వెళ్లి అక్కడ గైడ్‌ని పెట్టుకోవచ్చని కూడా ఎవరో అన్నారు. ఆదివారం వెళ్దామని ఆలోచన. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

జవాబు (మాడ్రిడ్ నుంచి)

చెల్లీ, ముందు ఆ ఆదివారం మార్చుకో. ఆదివారం పొద్దున కేథడ్రల్‌లో, అంటే ఊళ్లోని పెద్ద చర్చిలో, ప్రార్థనలు ఉంటాయి, సందర్శకుల్ని మధ్యాహ్నం 2 తర్వాతే రానిస్తారు. ఎల్ ట్రాన్సిటో అనే పాత యూదుల ప్రార్థనాలయం ఆదివారం 3 గంటలకే మూసేస్తారు. మీ నాన్నగారికి ఈ రెండూ ముఖ్యమే కదా. సోమవారం వెళ్తే ఆ ఎల్ ట్రాన్సిటోకీ, చిత్రకారుడు ఎల్ గ్రెకో పేరు మీదున్న మ్యూజియానికీ సెలవు. శనివారం మాడ్రిడ్ జనమంతా అక్కడే ఉంటారు. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఏ రోజైనా పెట్టుకోండి. టూర్ ఏదన్నది ఆ తర్వాతి సంగతి.

నేను ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. ఇండియా నుంచి మావాళ్లు ఎవరొచ్చినా టొలెడో తీసుకెళ్లేది నేనే. మొదటిసారి మా అత్తమామల్ని సగం రోజు బస్సు టూర్‌లో తీసుకెళ్లి చాలా బాధపడ్డాను. మొత్తం ఐదు గంటల టూర్. రానుపోను రోడ్డు మీదే రెండు గంటలు పోయాయి. ఊరి బయట కత్తులు, బంగారు తీగ పొదిగిన నగలు అమ్మే ఒక వర్క్‌షాప్ దగ్గర అరగంట ఆపారు. పెద్ద బస్సులు పాత ఊళ్లోకి పోవు కాబట్టి కింద దించి నడిపించారు. కేథడ్రల్ ఎదురుగా నిలబెట్టి పది నిమిషాలు చెప్పి, పదండి పదండి అన్నారు. మా మామయ్యగారు ఆ తలుపు వైపే చూస్తూ "లోపలికి వెళ్లడం లేదా అమ్మా?" అని అడిగారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే టూర్ పేజీ చదివేటప్పుడు చూసే ఊళ్ల లిస్టు చూడొద్దు. ఏయే కట్టడాల లోపలికి తీసుకెళ్తారో, టికెట్ అందులోనే కలిసి ఉందో లేదో చూడు. లోపలికి ప్రవేశం ఉందని స్పష్టంగా రాయకపోతే లేదనే అనుకో. పనోరమిక్ అని ఉంటే బయటి నుంచి చూపిస్తారని అర్థం. ఊళ్లో కాలు పెట్టిన దగ్గర్నుంచి తిరిగి బస్సెక్కేదాకా ఎన్ని గంటలో లెక్కవేసుకో. నాలుగు గంటలకంటే తక్కువైతే ఆ టూర్ మీకు పనికిరాదు.

టొలెడో, సెగోవియా కలిపి మాత్రం వద్దే వద్దు. మాడ్రిడ్‌కి దక్షిణాన సుమారు 70 కిలోమీటర్లలో టొలెడో, ఉత్తరం వైపు దాదాపు 90 కిలోమీటర్లలో సెగోవియా. ఒకదాన్నుంచి ఇంకోదానికి మళ్లీ మాడ్రిడ్ దాటే పోవాలి. పెద్దవాళ్లని రోజంతా సీట్లో కూర్చోబెట్టినట్టవుతుంది.

నా సలహా ఒక్కటే. రైల్లో మీరే వెళ్లండి, అక్కడ రెండు మూడు గంటలకు లోకల్ గైడ్‌ని పెట్టుకోండి, మిగతా రోజు మీ చేతిలో ఉంచుకోండి. మాడ్రిడ్‌లోని అటోచా స్టేషన్ నుంచి అవాంట్ అనే ఫాస్ట్ రైలు సుమారు 35 నిమిషాల్లో దించేస్తుంది. అన్నీ రిజర్వుడు సీట్లే, అప్పటికప్పుడు వెళ్తే పొద్దున రైళ్లు నిండిపోయి ఉంటాయి. స్పెయిన్ రైల్వే సంస్థ రెన్ఫే యాప్‌లో ముందే కొనుక్కోండి, రానుపోను కలిపి తీసుకుంటే తగ్గుతుంది. స్టేషన్‌లో బ్యాగులు స్కాన్ చేస్తారు కాబట్టి అరగంట ముందే వెళ్లండి. మాడ్రిడ్‌లోనే ప్లాజా ఎలిప్టికా నుంచి ఆల్సా కంపెనీ బస్సులు కూడా ఉన్నాయి, చవక. డైరెక్ట్ బస్సు గంటలో వెళ్తుంది, ఊళ్లలో ఆగుతూ వెళ్లేది ఎక్కితే గంటన్నర.

జవాబు (బార్సిలోనా నుంచి)

అక్క చెప్పింది నిజమే కానీ బస్సు టూర్లన్నీ అలాగే ఉండవు. రోజంతా ఉండే టొలెడో టూర్లు కొన్ని కేథడ్రల్ టికెట్‌తో కలిపే వస్తాయి, మిరదోర్ దెల్ వాయే దగ్గర ఫొటోలకి ఆపుతాయి. నది అవతలి గట్టు మీద నుంచి ఊరంతా ఒక్కచోట కనపడే చోటు అది. రైల్లో వెళ్లినవాళ్లు ఎక్కువగా మిస్సయ్యేదీ అదే. భాష రాదు, టికెట్ల టెన్షన్ వద్దు అనుకునేవాళ్లకి అలాంటివి బాగానే ఉంటాయి.

ఫ్రీ టూర్ గురించి: పేరుకి ఫ్రీ అయినా చివర్లో తలకి 10 యూరోల దాకా ఇవ్వడం ఇక్కడ మామూలు. ఇవ్వాలి కూడా, గైడ్‌కి వచ్చేది అదే. కట్టడాల లోపలికి వెళ్లరు, రెండు గంటలు వీధుల్లో నిలబడే వినాలి. గైడ్లు టొలెడోలోని జొకొదోవెర్ చౌక్‌లో గొడుగు పట్టుకుని నిలబడతారు. గుంపు ఇరవై ముప్పై మంది దాకా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి మాత్రం నేను చెప్పను.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ అక్కా, థ్యాంక్స్ అన్నా. గురువారానికి మార్చేశాం. ఇంకో మూడు సందేహాలు. లోకల్ గైడ్ అంటే ఖర్చు ఎక్కువవుతుందా? మంచి గైడో కాదో బుక్ చేసే ముందే ఎలా తెలుస్తుంది? అమ్మ ఆ ఎత్తులు ఎక్కగలదా?

జవాబు (మాడ్రిడ్ నుంచి)

ఎత్తు గురించి ముందు చెప్తాను, అసలు ప్లాన్ అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

టొలెడో ఒక రాతిగుట్ట. మూడు వైపులా తాహో నది చుట్టి ఉంటుంది. స్టేషన్ నది అవతల, కింద ఉంటుంది. నడిచి వెళ్తే అల్కాంతరా వంతెన దాటి పైకి ఇరవై, పాతిక నిమిషాలు ఎక్కాలి. అమ్మని నడిపించొద్దు. స్టేషన్ బయటే టాక్సీ తీసుకుని నేరుగా జొకొదోవెర్‌లో దిగండి, లేదా సిటీ బస్సు ఎక్కండి. స్టేషన్ నుంచి గబగబా బయటికి రావొద్దు సుమా, 1919లో కట్టిన ఆ భవనాన్ని ఐదు నిమిషాలు తలెత్తి చూడండి.

జొకొదోవెర్ నుంచి పడమర వైపు నడక చాలావరకు దిగుడే. కేథడ్రల్, తర్వాత సాంతో తోమే చర్చి, తర్వాత యూదుల పేట, చివర సాన్ హువాన్ దె లోస్ రేయెస్ అనే మఠం. ఈ వరసలోనే చూడండి. తిరిగి పైకి ఎక్కొద్దు. అక్కడే హోటల్లో టాక్సీ పిలిపించుకుని మిరదోర్ దెల్ వాయే మీదుగా స్టేషన్‌కి వెళ్లిపోండి. వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవి, మామూలు చెప్పులతో జారుతుంది. అమ్మకి మెత్తటి బూట్లు కొనండి.

ఇక గైడ్. ప్రైవేటు గైడ్ రేటు తలకి కాదు, గుంపు మొత్తానికి. మీరు ఐదుగురు. బస్సు టూర్ టికెట్ ధరని ఐదుతో గుణించి, దాని పక్కన రైలు ఖర్చు, గైడ్ ఖర్చు కలిపి పెట్టి చూడు. చాలాసార్లు పెద్ద తేడా ఉండదు. గైడ్‌కి లైసెన్సు ఇచ్చేది ఆయా ప్రాంత ప్రభుత్వం, టొలెడో అయితే కస్తీయా లా మంచా. గీయా ఒఫిసియాల్ అంటే ఆ లైసెన్సు ఉన్న గైడ్ అని. బుక్ చేసే ముందే అది ఉందా అని అడుగు. కేథడ్రల్ లోపలికి మాతో వచ్చి చెప్తారా, గేటు దగ్గరే ఆగిపోతారా అని కూడా అడుగు. "మా అమ్మ పావుగంటకోసారి కూర్చోవాలి, ఎక్కడెక్కడ కూర్చోవచ్చు?" అని ఇంకో ప్రశ్న వెయ్యి. ఊరు తెలిసిన గైడ్ వెంటనే నాలుగు చోట్లు చెప్తారు. ఏం పర్లేదు మేడమ్, అన్నీ దగ్గరే అని తేల్చేస్తే వేరేవాళ్లని చూసుకో. రివ్యూల్లో స్టార్లు లెక్కపెట్టకు, పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు ఏం రాశారో వెతుక్కుని చదువు.

మీ నాన్నగారి గురించి ముందే గైడ్‌కి రాసిపెట్టు. 12వ శతాబ్దంలో అరబ్బీ శాస్త్ర గ్రంథాలు లాటిన్‌లోకి వెళ్లింది ముఖ్యంగా ఈ ఊళ్లోనే. గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ రాసిన ఆల్జీబ్రా గ్రంథాన్ని ఇటలీలోని క్రెమోనా నుంచి వచ్చిన గెరార్డ్ ఇక్కడే అనువదించాడు. అంతకు ముందు, 11వ శతాబ్దంలో, టొలెడోలో కాజీగా ఉన్న సాయిద్ అల్ అందలుసీ విద్యలు పెంచిన జాతుల గురించి రాస్తూ భారతీయుల్ని మొదట పెట్టాడు. లెక్కల మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి? మామూలు టూర్లో ఈ మాటలు రావు. అడిగితేనే వస్తాయి.

లోపల చూడాల్సినవి రెండే చెప్తాను, మిగతావి గైడ్ చూసుకుంటారు. కేథడ్రల్ పని 1226లో మొదలై 1493కి పూర్తయింది. అందులో ప్రధాన పీఠం వెనక్కి తప్పకుండా వెళ్లండి. అక్కడ చీకటిగా ఉంటుందని 18వ శతాబ్దంలో పైకప్పుకే కన్నం పెట్టి వెలుతురు కిందికి పడేలా చేశారు. నార్సీసో తోమే అనే శిల్పి 1732కి పూర్తి చేసిన ఆ పనిని ట్రాన్స్‌పరెంతె అంటారు. పాలరాతి దేవదూతల మీద ఎండ పడుతుంటే బాబు కూడా కదలడు. రెండోది సాంతో తోమేలో ఎల్ గ్రెకో వేసిన ఒర్గాస్ ప్రభువు అంత్యక్రియల చిత్రం, 1586 నుంచి 1588 దాకా వేసింది. చిన్న గది, గుంపులు వస్తే ఊపిరాడదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి. బొమ్మలో ఎడమవైపు కింద దివిటీ పట్టుకుని వేలు చూపిస్తున్న పిల్లవాడు చిత్రకారుడి కొడుకు. వాడి జేబులోంచి కనపడే చేతిరుమాలు మీద 1578 అని, అంటే వాడు పుట్టిన సంవత్సరం రాసి ఉంటుంది. మీ బాబుకి ఆ రుమాలు వెతికి పెట్టమని చెప్పు.

టికెట్ల విషయంలో ఇంకొకటి. పుల్సేరా తురీస్తికా అని చేతికి కట్టుకునే ఒక పట్టీ అమ్ముతారు. దాంతో సాంతో తోమే, సాంతా మరీయా లా బ్లాంకా అనే ఇంకో పాత యూదుల ప్రార్థనాలయం, సాన్ హువాన్ దె లోస్ రేయెస్, 999లో కట్టిన క్రీస్తో దె లా లుస్ మసీదు ఇంకా కొన్ని చూడొచ్చు. కేథడ్రల్, ఎల్ ట్రాన్సిటో అందులో రావు, వాటికి వేరే టికెట్లు. మీరు మూడే చూస్తారనుకుంటే విడివిడిగా కొంటే ఎంతో లెక్క చూసుకున్నాకే పట్టీ కొను.

జవాబు (లిస్బన్ నుంచి)

తిండి గురించి ఎవరూ చెప్పలేదు. శాకాహారులైతే జాగ్రత్త అండీ. సలాడ్ అడిగితే పైన ట్యూనా చేప వేసి తెస్తారు. "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్" అని మూడూ చెప్పాలి, మాంసం, పంది మాంసం, ట్యూనా వద్దని. పీస్తో అని టమాటా, క్యాప్సికమ్, గుమ్మడి జాతి కూరగాయలు మగ్గించి చేసేది మనవాళ్లకి బాగా నచ్చుతుంది. పైన గుడ్డు వేస్తారు, వద్దనుకుంటే "సిన్ వేవో" అనండి. మాంచెగో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది చాలావరకు గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో, పట్టింపు ఉన్నవాళ్లకి తెలియాలని చెప్తున్నాను. బాదం పప్పుతో చేసే మసపాన్ మన బాదం బర్ఫీకి దగ్గరగా ఉంటుంది, కానీ పైన గుడ్డు సొన రాసి కాల్చే రకాలు ఉన్నాయి, అడిగి కొనండి. గైడ్‌తో నడక 1:30కల్లా అయ్యేలా పెట్టుకుంటే జనం రాకముందే టేబుల్ దొరుకుతుంది, ఇక్కడ భోజనాలు 2 తర్వాతే.

ప్రశ్న అడిగినవారు (ట్రిప్ తర్వాత)

వెళ్లొచ్చాం. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. గురువారం, రైలు, మూడు గంటల గైడ్, అచ్చం మీరు చెప్పినట్టే చేశాం. కూర్చునే చోట్ల ప్రశ్న ఇద్దరు గైడ్లకి పంపాను. ఒకావిడ కేథడ్రల్ లోపలి బెంచీల దగ్గర్నుంచి యూదుల పేటలో చెట్టు నీడ దాకా వరసగా రాసి పంపారు. ఆవిడనే పెట్టుకున్నాం.

బాబు రుమాలు వెతికి పట్టుకున్నాడు. నాన్నగారైతే సాంతా మరీయా లా బ్లాంకాలో తెల్లటి స్తంభాల మధ్య నిలబడి వేలు చూపిస్తూ లెక్కపెట్టారు, 32. ముస్లిం పనివాళ్ల పద్ధతిలో, క్రైస్తవ రాజుల ఏలుబడిలో, యూదుల కోసం కట్టిన గుడి, తర్వాత చర్చి అయింది అని గైడ్ చెప్తుంటే అమ్మకి నేను తెలుగులో చెప్పాను. అమ్మ గోడవారన కూర్చుని చాలాసేపు లేవలేదు. కాళ్లు నొప్పా అని అడిగితే, "కాదు, ఇక్కడ బాగుంది" అంది.

మేము చేసిన పొరపాటు ఒకటే, తర్వాత వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. తిరుగు రైలు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో బుక్ చేశాం. భోజనం అయ్యేసరికే మూడు దాటింది. మిరదోర్ దగ్గర టాక్సీ ఆపి ఐదు నిమిషాలే నిలబడగలిగాం, ఎల్ ట్రాన్సిటో వదిలేశాం. మీరు ఆరు తర్వాతి రైలు తీసుకోండి.