సారా టేలర్ కీపింగ్‌లో అంత గొప్పతనం ఏముంది?

తెనాలి నాన్న:
మా అమ్మాయికి పదమూడేళ్లు. రెండేళ్లుగా కీపింగ్ చేస్తోంది. వెనక్కి వెళ్లి నిలబడితే క్యాచ్‌లు చక్కగా పడుతుంది. స్పిన్నర్ వచ్చి వికెట్ల దగ్గరికి జరగాల్సి వస్తే మాత్రం, బంతి బ్యాటు దాటే క్షణంలో కళ్లు మూసుకుంటోంది. మొన్న ఎవరో ఇంగ్లండ్ మహిళల జట్టు కీపర్ సారా టేలర్ స్టంపింగ్ వీడియో పంపితే ఇరవై సార్లు చూసింది. నాకు మాత్రం బంతి పట్టి బెయిల్స్ పడగొట్టడమే కనిపించింది. అందులో ఏముందో తెలిసినవారు చెప్పండి. అన్నట్టు, అంత ఆట ఉన్న మనిషి ముప్పై ఏళ్లకే ఎందుకు మానేసింది?

పాత గ్లవ్స్:
ఏ వీడియోనో మీరు చెప్పలేదు కానీ నా ఊహ 2017 ప్రపంచకప్ సెమీఫైనల్ మీదికే పోతోంది. బ్రిస్టల్‌లో దక్షిణాఫ్రికాతో మ్యాచ్. బౌలర్ నటాలీ సివర్. ఆమె స్పిన్నర్ కాదు, మీడియం పేసర్. అయినా సారా వికెట్లకు ఆనుకునే కూర్చుంది. బంతి లెగ్ సైడ్ పోయింది. అలాంటప్పుడు బ్యాటర్ ఒళ్లు అడ్డం వచ్చి, కీపరుకు బంతి కాసేపు కనిపించదు. కనుమరుగయ్యేముందు చూసినదాన్ని బట్టే చేతులు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి. ఈసారి ఆమె గ్లవ్స్ మాత్రమే చూడండి. బంతి అందుకోవడం, వికెట్ల వైపు తేవడం రెండు పనుల్లా ఉండవు. దక్షిణాఫ్రికా బ్యాటర్ త్రిష చెట్టి పాదం రెప్పపాటు మాత్రమే గాల్లో ఉంది. పాదం గీత లోపల నేల మీద లేనప్పుడు కీపర్ బెయిల్స్ పడగొడితే స్టంపింగ్ అవుటే, ఆ రెప్పపాటు చాలింది. చెట్టి కూడా కీపరే, ఆ పాదం విలువ ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను రాజమండ్రిలో పదకొండేళ్లు మ్యాటింగ్ పిచ్‌ల మీద కీపింగ్ చేశాను. లెగ్ సైడ్ స్టంపింగ్‌లు చేసింది మొత్తం రెండు. కుడి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా చాపుకోలేను. అన్నం కలుపుకునేటప్పుడు అదొక్కటే పక్కకు నిలబడి ఉంటుంది.

అమ్మాయి కళ్లు మూసుకోవడం పిరికితనం కాదండి, దెబ్బ మొహానికి తగలకూడదని ఒంటికి తెలిసిన పని. తిట్టకండి. ఆమె ముందు ఒక కుర్చీ వేసి, దాని మీద తువ్వాలు ఆరేయండి. మీరు అవతల నుంచి టెన్నిస్ బంతిని నేలకు కొట్టి, తువ్వాలు పక్కనుంచి వచ్చేలా విసరండి. గ్లవ్స్ వద్దు. ముందుగా లేవకూడదు, బంతి ఎంత లేస్తే అంతే లేవాలి. చేతులు బంతి మీదికి పోకూడదు, బంతే చేతుల్లోకి రావాలి. మెత్తటి బంతి పది రోజులు మొహం పక్కనుంచి పోతే రెప్పలు వాటంతట అవే నిలబడతాయి.

లెక్కల మాస్టారు:
పొగడ్తలు సరే, కాసిని అంకెలు కూడా చూద్దాం. సారా మూడు ఫార్మాట్లలో కలిపి 232 మందిని అవుట్ చేసింది. 126 వన్డేల్లో స్టంపింగ్‌లు 51. మన భారత కీపర్ అంజు జైన్ 65 వన్డేల్లోనే 51 స్టంపింగ్‌లు చేసింది, క్యాచ్‌లు 30! ఆమె పేరు ఎవరూ ఎత్తరేమి? ఇక బ్యాటింగ్ కూడా కలిపితే నా ఓటు ఆస్ట్రేలియా కీపర్ అలిస్సా హీలీకే. 2022 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ మీద 170 కొట్టిన కీపరును పక్కన పెట్టి ఇంకొకరిని తీసుకోమంటే నేను తీసుకోను.

పాత గ్లవ్స్:
మాస్టారూ, అంజు జైన్ మాట ఎత్తి మంచి పని చేశారు, నేనే మరిచిపోయాను. అయితే ఆ స్టంపింగ్‌లలో నీతూ డేవిడ్, మన హైదరాబాద్ పూర్ణిమా రావు లాంటి స్పిన్నర్ల వాటా కూడా ఉంటుంది. బ్యాటర్‌ను ముందుకు లాగేది వాళ్లే కదా. హీలీ సంగతి ఒప్పుకోను. తెనాలి నాన్న గారు అడిగింది కీపింగ్ గురించి, పరుగుల గురించి కాదు.

సింధు:
రెండో ప్రశ్నను అందరూ వదిలేశారు. సారాది ఆందోళన సమస్య. దాన్ని దాచకుండా చెప్పి 2016లో ఆటకు విరామం ఇచ్చింది. తిరిగొచ్చిన ఏడాదే ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా మీద 147 కొట్టింది. లార్డ్స్‌లో మనవాళ్లు తొమ్మిది పరుగులతో ఓడిన ఫైనల్లోనూ 45 చేసింది. ఆ రోజు ఝులన్ బౌలింగ్‌లో ఆమె క్యాచ్ పట్టింది మన కీపర్ సుష్మా వర్మ. అప్పుడు మా ఇంట్లో వేసిన కేక ఇంకా గుర్తుంది. 2019 సెప్టెంబరులో రిటైరైంది. ‘మానేసింది’ అనడం నాకు నచ్చలేదండి. 2021లో ససెక్స్ కౌంటీ పురుషుల జట్టుకు కీపింగ్ నేర్పడానికి వెళ్లింది. నాకూ ఆఫీసుకు బయలుదేరే ముందు గుండె దడదడలాడిన రోజులున్నాయి. అలాంటి స్థితిలో పరీక్షే రాయలేం, ఆమె స్టేడియం నిండా జనం ముందు వికెట్ల వెనక కూర్చుంది.

తెనాలి నాన్న:
అందరికీ ధన్యవాదాలు. ‘మానేసింది’ అన్న మాట నిజంగానే తొందరపాటు, సింధు గారూ. తువ్వాలు పద్ధతి మొదలుపెట్టి నాలుగు రోజులైంది. మొదటి రోజు బంతి నేరుగా గడ్డానికి తగిలి అలిగి లోపలికి పోయింది. నిన్న సాయంత్రం నలభై బంతుల్లో పదకొండు పట్టింది, లెక్క కూడా తనే రాసుకుంది. రెప్పలు ఇంకా పడుతున్నాయి. పాత గ్లవ్స్ గారూ, ఒక సందేహం: బంతి తగిలి తువ్వాలు ప్రతిసారీ కింద పడిపోతోంది. బట్టల క్లిప్పులు పెట్టమంటారా?