అమోనియా ప్లాంట్ ఆపరేటర్ పరీక్షలో ఏం అడగాలి?

ప్రశ్న (గాజువాక నుంచి):
మాది రొయ్యల కోల్డ్ స్టోరేజ్. పన్నెండేళ్లుగా ఇక్కడ ఉద్యోగాల్లోకి తీసుకునే పని నాదే. మొన్న అమోనియా ప్లాంట్ (అమోనియాతో స్టోరేజ్‌ని చల్లబరిచే యంత్రాలు) ఆపరేటర్ పోస్టుకి రాతపరీక్ష పెట్టాం. పేపర్ పాతదే: రాజధానులు, ఇంగ్లిష్ గ్రామర్, థర్మోడైనమిక్స్ సూత్రాలు. 50కి 41 తెచ్చుకున్న అబ్బాయిని తీసుకున్నాం. రెండో వారంలో కంప్రెసర్ రూంలో ఆయిల్ తీసే వాల్వ్ తెరిచి, రీడింగులు రాద్దామని పక్కకు వెళ్లాడు. అమోనియా ఘాటు తగిలి సీనియర్ పరుగెత్తుకొచ్చి కట్టేశాడు కాబట్టి సరిపోయింది. అబ్బాయిని ఏమనను? ఆ వాల్వ్ వదిలి కదలకూడదని మేం అడగనూ లేదు, చెప్పనూ లేదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు చేసినాయన అదే పరీక్షలో 17తో వెనక్కి పోయాడు. తలుచుకుంటే నిద్ర పట్టడం లేదండి. కొత్త పేపర్ ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
మేడమ్, ఒక రాత్రి షిఫ్టంతా ఆపరేటర్ల పక్కనే కూర్చోండి. గంటగంటకీ ఏం చేస్తున్నారో, దానికి ఏం తెలిసుండాలో రాసుకోండి. ఏ ప్రెషర్‌కి ఎంత టెంపరేచరో గోడమీద చార్టు చూసి చెప్పొచ్చు, కాబట్టి పరీక్షలో కూడా ఆ చార్టు ఇచ్చేయండి. లీకైతే గాలికి అడ్డంగా బయటపడాలన్నది మాత్రం నోటికి రావాలి, అప్పుడు చార్టు వెతికే టైముండదు. చేరాక మీరే నేర్పేవి అడగొద్దు.

జవాబు 2:
ఏ ప్రశ్న ఉంచాలో తేల్చడానికి 1975లో అమెరికన్ సైకాలజిస్ట్ లాషే ఇచ్చిన లెక్క వాడండి. పదిమంది అనుభవం ఉన్నవాళ్లకి ఒక్కో ప్రశ్న చూపించి, ఈ పనికి ఇది తెలిసి తీరాలా అని విడివిడిగా అడగండి. తొమ్మిదిమంది ఔనంటే, అందులోంచి పదిలో సగం, అంటే 5 తీసేసి మళ్లీ 5తో భాగించండి, 0.8 వస్తుంది. పదిమందికి ఆయన పెట్టిన హద్దు 0.62. ఎనిమిదిమంది ఔనన్నా 0.6 దగ్గరే ఆగిపోతుంది, ఆ ప్రశ్న తీసేయాలి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి పది నుంచి ఆరు దాకా కూర్చున్నాను. మా పాత 50 ప్రశ్నల్లో ఆ షిఫ్టుకి పనికొచ్చినవి నాలుగే. కొత్తవి తెలుగులోనే రాస్తున్నాను, లాగ్‌బుక్ కూడా తెలుగులోనే నింపుతారు కదా. ఐస్ ఫ్యాక్టరీ ఆయన్ని మళ్లీ పరీక్షకి పిలిచాను, అందుకని ప్రశ్నలు ఆయనకి చూపించలేను. మా ఆపరేటర్లు ఆరుగురే.

జవాబు 2:
ఆరుగురే అయితే ఆరుగురూ ఔననాలి. ఇంకో నలుగురిని ఆటోనగర్ వైపు అడిగి చూస్తాను.