చర్చ: ఇంటి కాంట్రాక్టులో ఒకే పది శాతం హద్దు సరిపోతుందా?

తిరుచానూరు రోడ్డు ఇంటి యజమాని:
మా ఇంటి ఒప్పందం 42 లక్షలకు. అందులో ఇలా రాసుకున్నాం: "మొత్తం ఖర్చులో 10 శాతానికి మించితేనే గణనీయమైన తేడా, అప్పుడు ఇరువురూ చర్చించుకోవాలి." పునాది తవ్వుతుంటే బండ తగిలింది. 5 లక్షల పని 7 లక్షల 40 వేలకు చేరింది. ఆ తర్వాత నాతో ఒక్క మాటైనా చెప్పకుండా టైల్స్, రంగుల్లో తక్కువ రకం వాడి లక్షా 40 వేలు తగ్గించారు. నికరంగా పెరిగింది లక్ష. రెండున్నర శాతం కూడా లేదు కాబట్టి మాట్లాడేదేమీ లేదంటున్నారు కాంట్రాక్టరు. ఇది న్యాయమేనా?

చిత్తూరు కాంట్రాక్టరు:
టైల్స్ చెప్పకుండా మార్చడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కానీ హద్దు మొత్తం మీదే ఉండాలి. ఒక పనిలో పెరుగుతుంది, ఇంకో పనిలో తగ్గుతుంది. ప్రతి పద్దుకూ, అంటే లెక్కలో విడిగా రాసిన ఒక్కో పనికీ, యజమాని సంతకం కోసం ఆగితే సెంట్రింగ్ వాళ్లకు ఖాళీగా కూలి ఎవరిస్తారు? శేషాచలం కొండల పక్కన తవ్వేటప్పుడు ఎక్కడ బండ తగులుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

రిటైర్డ్ ఇంజనీరు, తిరుపతి:
బండ విషయంలో కాంట్రాక్టరు గారి మాట నిజం. అందుకే కేంద్ర ప్రజాపనుల శాఖ ఒప్పంద పత్రాల్లో పునాదికి ఒక హద్దు, పైకట్టడానికి మరో హద్దు విడివిడిగా నింపుతారు. భూమి లోపలి పనికి ఎక్కువ వెసులుబాటు ఇవ్వవలసిందే. అంతమాత్రాన అక్కడ పెరిగినదాన్ని టైల్స్‌లో కోసి సరిపెట్టే హక్కు ఎవరికీ రాదు.

అంతర్జాతీయ పనుల్లో వాడే ఫిడిక్ నమూనా ఒప్పందం, 'ఎర్ర పుస్తకం' అని పిలిచే 1999 నాటి ప్రతిలో, 12.3 క్లాజు చూడండి. ఒక పద్దుకు కొత్త రేటు కట్టాలంటే కొలిచిన పరిమాణం 10 శాతానికి మించి మారాలి. ఆ మార్పును రేటుతో గుణిస్తే మొత్తం ఒప్పంద విలువలో 0.01 శాతం దాటాలి. దానివల్ల యూనిట్ ఖర్చు 1 శాతానికి మించి మారాలి. పైగా అది స్థిర రేటు పద్దు అని ఒప్పందంలో రాసి ఉండకూడదు. ఇవన్నీ కలిస్తేనే. చిన్న పద్దు మీద రభస జరగకుండా రెండో షరతు కాపాడుతుంది. పరిమాణం తగ్గినా అది మార్పే.

ఆ అంకెలు మన ఇళ్లకు అక్కరలేదు, ఆ పద్ధతి కావాలి. పద్దుల వారీగా శాతం, దానితో పాటు రూపాయల్లో ఒక కనీస మొత్తం. నాణ్యత మార్పుకు మాత్రం శాతమే వద్దు. ఒప్పుకున్న రకం మారితే, ఖర్చు తగ్గినా సరే, ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలి. పని అయిపోయాక లెక్క చెప్పడాన్ని సమాచారం ఇవ్వడమనరు.

కొర్లగుంట నివాసి:
గడువు సంగతి కూడా చెప్పండి. మా పని ఆలస్యమైన ప్రతిసారీ వాన పడిందన్నారు.

రిటైర్డ్ ఇంజనీరు, తిరుపతి:
మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మామూలే. వాటిని గడువులో ముందే కలుపుకోవాలి. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తినలాంటి వాన అయితే ఆ రోజులు మినహాయించాలి. ఎన్ని రోజులు దాటితే గణనీయమైన ఆలస్యమో స్లాబు, గోడలు, పూత అని దశల వారీగా రాసుకోవాలి. చివరి తేదీ ఒక్కటే పెట్టుకుంటే ఆలస్యం బయటపడేసరికి దిద్దుకునే వ్యవధి ఉండదు.

న్యాయవాది, చిత్తూరు:
ఒక హెచ్చరిక. హద్దు దాటితే రోజుకు ఇంత జరిమానా అని రాసినంత మాత్రాన మొత్తం చేతికి రాదు. 1872 నాటి ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారం ఇస్తారు. అసలు నష్టమే లేకపోతే పరిహారం లేదని కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. కాబట్టి ఆలస్యంవల్ల కట్టిన అద్దె రసీదులు దాచుకోండి.

చిత్తూరు కాంట్రాక్టరు:
పద్దుల వారీ హద్దుకు ఒప్పుకుంటాను, రెండు షరతులతో. అనుమతి అడిగితే యజమాని రెండు రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆగిన కూలి ఆయనదే. బండ కొలత ఎవరు తీస్తారన్నది కూడా ముందే తేల్చాలి.

రిటైర్డ్ ఇంజనీరు, తిరుపతి:
రెండూ న్యాయమే. కొలత ఇద్దరూ కలిసి తీయాలి, గుంతలో కాంక్రీటు పడకముందే. పొడవు, వెడల్పు, లోతు కొలతల పుస్తకంలో రాసి అక్కడికక్కడే సంతకాలు చేయాలి. కాంక్రీటు పోశాక ఎంత బండ పగిలిందో తేల్చే దారి ఉండదు.

తిరుచానూరు రోడ్డు ఇంటి యజమాని:
మా పునాదికి అలాంటి కొలతలేవీ లేవు. ఆ పెరుగుదల మీద ఇక వాదించను. టైల్స్ మాత్రం ఒప్పుకున్న రకమే వేయాలని రేపు రాతపూర్వకంగా అడుగుతాను.